గది యంతయు కంప్యూటరే

కంప్యూటరు అనగానే మన కన్నులకు కట్టునది ఒక అద్దపు పలక. అది బల్లమీద నుండవచ్చును, ఒడిలో నుండవచ్చును, అరచేతిలోనే యిమిడియుండవచ్చును. పని జరుగునది మాత్రము ఆ పలకలోనే. దాని ముందు కూర్చున్నవారికి తప్ప ప్రక్కవారికి ఆ పని కానరాదు. నలుగురు ఒకే గదిలో నుండి నాలుగు పలకలలో మునిగియుండుట నేడు ఇంటింట చూచుచున్నదే. రేడియో మన యిండ్లకు వచ్చిన తొలినాళ్లలో ఇంటిల్లపాదిని ఒకచోట చేర్చినది. కంప్యూటరు ఒకచోట నున్నవారిని వేరుచేసినది. ఇది యంత్రస్వభావమా, లేక మనము దానికిచ్చిన ఆకారమువలన కలిగిన లోపమా? ఈ ప్రశ్నకు అమెరికాలోని న్యూయార్కు నగరమున కొందరు సమాధానము వెదకుచున్నారు. వారి నిర్మాణము పేరు ‘ఫోక్ కంప్యూటరు’. ఓమర్ రిజ్వాన్, ఆంద్రెస్ కుయెర్వో అను నిరువురు దానికి ఆద్యులు. ఆ పని యెంతవరకు వచ్చినదో, అందలి చిక్కులేవో ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

ముందుగా దాని స్వరూపమును చూతము. ఒక సాధారణమైన బల్ల. దానికి పైన ఒక కెమేరా, ప్రక్కనే ఒక ప్రొజెక్టరు. ఆ రెంటిని నడుపుటకు ఒక చిన్న కంప్యూటరు. ఇంతియే సామగ్రి. బల్లమీద కాగితములుండును. ఒక్కొక్క కాగితము ఒక్కొక్క ప్రోగ్రాము. కాగితమును బల్లపై నుంచినచో కెమేరా దానిని గుర్తించును, ప్రోగ్రాము నడచును, ప్రొజెక్టరు ఆ కాగితముమీదనే ఫలితమును వెలుగుగా చూపును. కాగితమును జరిపినచో వెలుగును దానితో జరుగును. తీసివేసినచో ప్రోగ్రాము ఆగిపోవును. బల్లచుట్టు నిలిచినవారందరు ఒకేసారి చూడవచ్చును. ఎవరైనను చేయిచాపి కాగితమును మార్చవచ్చును.

ఈ యూహ నేటిది కాదు. 1970 తరువాతి దశకమున అమెరికాలో మైరన్ క్రూగర్ అను నతడు ‘వీడియోప్లేస్’ అను ప్రయోగమున వేర్వేరు గదులలోని మనుష్యుల ఛాయలను ఒకే తెరపై కలిపి చూపెను. ఇంగ్లండులోని కేంబ్రిడ్జియందు జిరాక్సు పరిశోధనశాలలో పియర్ వెల్నర్ 1991లో ‘డిజిటల్ డెస్క్’ అను బల్లను ప్రదర్శించెను. అచ్చుకాగితముమీది అంకెను చూపినంతనే అది లెక్కలోనికి చేరెడిది. ఇటీవలి కాలమున కాలిఫోర్నియాలోని ఓక్లండు పట్టణమున బ్రెట్ విక్టర్ ప్రభృతులు ‘డైనమిక్‌లాండ్’ అను పేర ఒక భవనమునే ఇట్టి కంప్యూటరుగా మలచిరి. ఫోక్ కంప్యూటరు ఆ శాఖకు చెందినదే.

కెమేరా కాగితమును గుర్తించు విధము తెలిసికొనదగినది. ప్రతి కాగితముపైనను నలుపు తెలుపు గడులతో చదరంగపు పలకను బోలిన ఒక ముద్ర అచ్చువేయబడి యుండును. దీనిని ఏప్రిల్‌ట్యాగు అందురు. మిచిగన్ విశ్వవిద్యాలయమున ఎడ్విన్ ఓల్సన్ దీనిని రూపొందించి 2011లో ప్రకటించెను. మొదట అది రోబోలకు ఉద్దేశింపబడినది. గడుల వరుస ఒక సంఖ్యను తెలుపును. ఆ సంఖ్యయే కాగితము పేరు. ముద్ర నాలుగు మూలలు చిత్రమున ఎచ్చట పడినవో కొలిచి, కాగితము ఎంత దూరమున నున్నది, ఏవైపునకు వాలియున్నది గణించవచ్చును.

ఇక భాష. బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్ 1980 తరువాతి దశకమున కల్పించిన ‘టికిల్’ అను భాషపై ఫోక్ కంప్యూటరును కట్టిరి. అందలి వాక్యములు ముఖ్యముగా మూడు తీరులు. “ఇది యిట్లున్నది” అని ప్రకటించుట మొదటిది. “ఈ కాగితమునకు నీలి అంచు కావలెను” అని కోరుట రెండవది. “ఫలానిది జరిగినప్పుడు ఇట్లు చేయవలెను” అనుట మూడవది. ఒక కాగితము కోరిన కోర్కెను మరియొక కాగితము తీర్చును. ఇద్దరు వేర్వేరుగా వ్రాసిన ప్రోగ్రాములు ఒకదానినొకటి ఎరుగకయే బల్లమీద కలిసి పనిచేయును. కాగితము తొలగినంతనే దాని మాటలు కూడ రద్దగును.

ఇంతవరకు వినుటకు సొంపుగనే యున్నది. కాని ఇట్టి యంత్రమున అసలు శ్రమ యూహలో లేదు, అమరికలో నున్నది. కెమేరా చూచు స్థలము వేరు, ప్రొజెక్టరు వెలిగించు స్థలము వేరు. ఒకదాని కొలతను మరియొకదాని కొలతకు సరిపుచ్చవలెను. తొలిదశలో బల్ల సమతలమని భావించి లెక్క కట్టెడివారు. కాగితమును చేతితో పైకెత్తినచో వెలుగు ప్రక్కకు తప్పెడిది. తరువాత ముద్రలున్న అట్టను పలువిధములుగా వంచి పట్టుకొని, ఎత్తును వాలును కూడ గణించు పద్ధతిని తెచ్చిరి. ఇది పెద్ద ముందడుగు.

రెండవ చిక్కు ఆలస్యము. చేయి సెకనుకు 60 సెంటీమీటర్లు కదలినదనుకొందము. కెమేరా చూచి, కంప్యూటరు తలచి, ప్రొజెక్టరు వెలిగించుటకు సెకనులో పదవవంతు పట్టినచో, వెలుగు 6 సెంటీమీటర్లు వెనుకబడును. అప్పుడది కాగితముపై నున్నట్లు తోచదు, దానిని తరుముచున్నట్లు తోచును. ఒక ప్రోగ్రాము మందగించినను తక్కినవి ఆగకుండ, పనులు ఏకకాలమున సాగునట్లు వ్యవస్థ అంతర్భాగమును నిర్మాతలు తిరిగి వ్రాసినారు. ఇట్టి మార్పు సందర్శకునికి కానరాదు. చేతికి మాత్రము తెలియును.

మూడవది వెలుతురు. ప్రొజెక్టరు కాంతిని చేర్చగలదే కాని నలుపును చేర్చజాలదు. పగటి వెలుగు నిండిన గదిలో బొమ్మ వెలవెలబోవును. మిక్కిలి చీకటియైనచో కెమేరాకు ముద్రలు కానరావు. ప్రతి గదియందును ఈ రెంటికి నడుమ ఒక మధ్యమార్గమును వెదకవలసియున్నది.

ఇచ్చటనే మేము ముఖ్యమని తలచు విషయమున్నది. డైనమిక్‌లాండ్ వారు తమ ప్రోగ్రామును లోకమునకు విడువలేదు. ఆ యనుభవము ఒక స్థలముతోను, అచ్చటి మనుష్యులతోను ముడిపడినదనియు, ప్రోగ్రామును మాత్రము పంచినందువలన అది ఇతరులకు చేరదనియు వారి తలంపు. ఫోక్ కంప్యూటరు వారు వేరుదారి త్రొక్కిరి. మూలపాఠమును దాచక ఎల్లరియెదుట నుంచిరి. దీనినే ఓపెన్ సోర్స్ అందురు. ఎవరైనను దానిని తీసికొని, చదివి, మార్చి, తమ గదిలో నెలకొల్పుకొనవచ్చును. ఇంటిలో నిత్యము కన్ను తెరచియుండు కెమేరాను నిలుపువారికి ఇది చిన్న విషయము కాదు. ఆ కన్ను చూచినదెల్ల ఎచ్చటికి పోవుచున్నదో విప్పి చూచుకొను హక్కు వారికుండవలెను గదా!

అయినను మొదటి పక్షమువారి మాటలో నిజము లేకపోలేదు. పాఠము అందరిదైనను, దానిని బల్లమీద వెలిగించు నేర్పు నలుగురిదే యైనచో అది పేరునకు మాత్రమే బహిరంగము. తాళము లేని తలుపైనను, గడప ఎత్తైనచో లోనికి పోవువారు కొందరే. అందుచేతనే న్యూయార్కువారు తమ చోటికి ఆసక్తిగలవారిని ఆహ్వానించి, చేతికి కాగితములిచ్చి చూపుచున్నారు. అందుచేతనే అమరిక సులభమగుటను మేము అలంకారమని గాక, ప్రాణమని యెంచుచున్నాము. సమతలమునుండి ఎత్తునకు సాగిన ఆ లెక్క పరిశోధకులకు గొప్ప కావచ్చును. అంతకంటె, తెలియనివాడు తన యింట ఒక సాయంకాలమున దీనిని నిలువబెట్టుకొనగలుగుట గొప్ప.

ఇది రేపే మన బల్లలమీదికి వచ్చునని మేము చెప్పబోము. ఉత్తరములు వ్రాయుటకు, లెక్కలు కట్టుటకు అద్దపు పలకయే నేటికిని సుకరము. కాని పిల్లలు గుమిగూడి నేర్చుకొనుటకు, ఒక పటముమీద పలువురు వ్రేలుపెట్టి చర్చించుటకు, యంత్రము లోపల ఏమి జరుగుచున్నదో కన్నులారా చూచుటకు ఇట్టి బల్ల తగినది. దీని ప్రగతిని నిర్మాతల గదిలోని వెలుగునుబట్టి కాక, వారెన్నడు చూడని గదులలో ఎన్ని బల్లలు వెలిగినవో దానినిబట్టి కొలువవలెను.