గేజి గ్లాసు చెప్పిన అబద్ధం

(ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా పాత సంగతి చెప్పండి, పింఛను గొడవ మాత్రం ఎత్తవద్దు అని కార్యదర్శిగారు ముందే షరతు పెట్టారు. అందుకని ఒక రైలింజను కథ తెచ్చాను. రైలు పట్టాలే లేని ఊళ్లో రైలింజను ఊసెందుకని అనుకోవద్దు. ఆవిరి ఇంజను అంటే చక్రాలు తగిలించిన బాయిలరు. పటాన్‌చెరులోనో పాశమైలారంలోనో బాయిలరు హౌసు వేడిలో కాలం గడిపిన మనకు అది పరాయి వస్తువు కాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తన అవసరాలకు ఒక సరుకు రవాణా ఇంజను తయారుచేయించింది. దాని పేరు ఎస్ 160. 1942లో రూపకల్పన జరిగింది. ఆల్కో, బాల్డ్విన్, లిమా అనే మూడు కంపెనీలు కలిసి 2,120 ఇంజన్లు కట్టాయి. త్వరగా, చవకగా కట్టాలి, ఏ దేశపు పట్టాల మీదైనా నడవాలి, అంతే లెక్క. బ్రాడ్‌గేజికి సరిపడేటట్లు కట్టిన 60 ఇంజన్లు మన దేశానికీ వచ్చి ఎ.డబ్ల్యు.సి. తరగతిగా నడిచాయి. ఐరోపా ఖండం మీద దాడికి ముందు దాదాపు 400 ఇంజన్లను బ్రిటన్‌లో దింపి, అక్కడి రైల్వే కంపెనీలకు వాడుకోవడానికి ఇచ్చారు.

1943 నవంబరు 17న ఇంగ్లండులో హనీబోర్న్ దగ్గర, గ్రేట్ వెస్టర్న్ రైల్వేలో నడుస్తున్న 2403 నంబరు ఇంజను ఫైర్‌బాక్సు కప్పు కూలిపోయింది. ఫైర్‌బాక్సు అంటే మన ఫర్నేసే. దాని కప్పు మీద ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాలి. కప్పు కూలితే పైనున్న నీళ్లూ ఆవిరీ నిప్పుల మీద పడి, బొగ్గు వేసే తలుపులోంచి సిబ్బంది నిలబడే చోటికే తన్నుకొస్తాయి. తప్పించుకునే దారి ఉండదు.

ఇక విచారణ. కప్పు ఎందుకు కూలిందో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. ఆ ఇంజనులో ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళానికి 225 పౌండ్లు. ఆ ఒత్తిడి దగ్గర నీటి వేడి 200 డిగ్రీల సెంటిగ్రేడు కంటే కొంచెం ఎక్కువ. కప్పు మీద నీళ్లున్నంతసేపు రేకు ఆ వేడికి దరిదాపుల్లోనే ఉంటుంది, కింద ఎంత మంటున్నా దానికేం కాదు. నీళ్లు దిగిపోతే ఎర్రగా కాలి బలం పోగొట్టుకుంటుంది. పైగా ఆ కప్పును మోసే స్టేలు మర పట్టు మీదే ఆధారపడ్డాయి. రేకు వేడెక్కి మెత్తబడితే మర పట్టు వదులుతుంది, కప్పు ముందుగా హెచ్చరించకుండానే జారిపోతుంది.

అసలు ప్రశ్న వేరు. నీళ్లు తగ్గుతుంటే సిబ్బంది ఏం చేస్తున్నారు? నిద్రపోయారా? లేదు. గ్లాసులో నీళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ ఇంజనుకు ఉన్నది ఒక్కటే వాటర్ గేజి. దాని పై వాల్వు దాదాపు మూసుకుని ఉందని విచారణలో తేలింది.

ఇది మన మిత్రులకు వివరించనక్కరలేదు గాని, ఇంటినుంచి వచ్చిన ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం చెబుతాను. గాజు గొట్టం కింది కొస బాయిలరు నీళ్లకు, పై కొస ఆవిరికి కలిసి ఉంటుంది. రెండు దారులూ తెరిచి ఉంటేనే లోపలి మట్టం, గాజులో మట్టం ఒకటవుతాయి. పై దారి మూసుకుపోతే గాజులో చిక్కిన ఆవిరి చల్లబడి నీరవుతుంది, అక్కడ ఒత్తిడి పడిపోతుంది, కిందినుంచి నీళ్లు ఎగదన్నుకొస్తాయి. బాయిలరు ఎండిపోతున్నా గ్లాసు నిండుకుండలా కనిపిస్తుంది.

మన బాయిలర్లకు కాక్‌లుంటాయి. పిడి కిందికి వేలాడుతుంటే దారి తెరిచి ఉన్నట్టు. పది అడుగుల దూరంనుంచి చూసినా తెలుస్తుంది. ఈ అమెరికా ఇంజనుకు చక్రంలాంటి పిడి ఉన్న మర వాల్వు పెట్టారు. చక్రం ఎంత తిరిగిందో చూపుకు తెలియదు, చేత్తో తిప్పి చూడాల్సిందే.

సిబ్బందికి ఆ రకం గేజి అలవాటు లేకపోవడమే కారణమని విచారణలో నిర్ణయించారు. మాట నిజమే. కాని నాకు తృప్తినివ్వలేదు. అలవాటు లేని మనిషిని ఆ ఇంజను ఎక్కించింది ఎవరు? ఒకే గేజితో, చూపుకు తెలియని వాల్వుతో, పట్టు వదిలే స్టేలతో కట్టింది ఎవరు? యుద్ధకాలపు తొందర అంటారు. ఆ తొందరకు మూల్యం చెల్లించింది మాత్రం పార పట్టుకున్నవాడు.

మన బెల్టులోనూ ఇలాంటిదే చూశాను. కంపెనీ పేరు అనవసరం. ఒక రాత్రి షిఫ్టులో బాయిలరు ట్యూబులు వేడెక్కి కారాయి. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. తెల్లారేసరికి "ఆపరేటరు నిద్రపోయాడు" అని రిపోర్టు సిద్ధం, బీహారునుంచి వచ్చిన కుర్రాడు సస్పెన్షన్‌లో. నన్ను సంతకం పెట్టమన్నారు. గేజి విప్పించండి, చూసి పెడతానన్నాను. విప్పితే గాజు గొట్టం పొట్టిగా కోసి బిగించి ఉంది. పైనున్న రబ్బరు వాషరు నొక్కుకుపోయి గొట్టం నోటి మీదికి పొంగింది. ముందురోజు మెయింటెనెన్సువాళ్లు మార్చిన గొట్టమది. రెండో గేజి కారుతోందని అప్పటికే కట్టేసి ఉంది. రెండు గేజీలుండాలన్న రూలు కాగితం మీద పాటించినట్టే గదా! ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టాను. కుర్రాణ్ణి తిరిగి తీసుకున్నారు, మూడు వారాల జీతం మాత్రం ఇవ్వలేదు.

1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025లో కొత్త చట్టం వచ్చింది. మంచిదే. కాని గేజి విప్పించకుండా మనిషి మీద రిపోర్టు రాసే అలవాటును ఏ చట్టమూ మాన్పించలేదు.

అక్కడ ఇంగ్లండులో హనీబోర్న్ ప్రమాదమై రెండు నెలలన్నా కాకముందే, 1944 జనవరి 12న థర్స్‌టన్ దగ్గర అదే రకం ఇంజను కప్పు కూలింది. ఆగస్టులో మూడోది. మొదటి ప్రమాదం తర్వాత అదే రకం ఇంజన్లు వందల సంఖ్యలో పట్టాల మీద నడుస్తూనే ఉన్నాయి మరి.

బయట బల్ల మీద ఒక పాత గేజి కాక్, ఒక చక్రం వాల్వు ఉంచాను. భోజనాలకు వెళ్లేముందు ముట్టుకోకుండా చూసి, ఏది తెరిచి ఉందో, ఏది మూసి ఉందో చెప్పండి. సెలవు.