చిల్లిగవ్వ విలువ



పత్తి, మిరప ధరల మధ్య బతికిన మనకు సముద్రం ఎంతో దూరం లేదు. బాపట్ల నుంచి దాదాపు 9 కిలోమీటర్లు వెళితే సూర్యలంక, చీరాల దాటితే వాడరేవు. పూర్వం గుంటూరు, ప్రకాశం జిల్లాలవైన ఈ రెండూ 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నాయి. రిటైరయ్యాక అక్కడ గవ్వలేరడం నాకు అలవాటైంది. పోటు తీశాక తడి ఇసుక మీద నెమ్మదిగా నడవడమే పని. ఖర్చు లేదు.

నెలాఖరుకి చేతిలో చిల్లిగవ్వ లేదంటుంటాం. ఒడ్డున కొన్ని ఆల్చిప్పలకు బరమాతో వేసినట్టు గుండ్రటి చిల్లు కనిపిస్తుంది. అది అలల పని కాదు. ఒక జాతి సముద్రపు నత్త పెంకును తొలిచి, లోపలి జీవిని తినేసిన గుర్తు. మనవలకు ఈ సంగతి చెప్పి చూడండి, సెల్‌ఫోను పక్కన పెడతారు.

ఒక్క మనవి. శంఖం దొరికితే లోపలికి చూడండి. ఒళ్ళు మెత్తగా ఉండే ఒక రకం పీత ఖాళీ శంఖంలో కాపురముంటుంది. పెరిగినకొద్దీ పెద్దది వెతుక్కుంటుంది, ప్రమోషను వచ్చినప్పుడు మనం క్వార్టరు మారినట్టు. ప్రాణి ఉంటే అక్కడే వదలండి. శంకువు ఆకారపు వాటిని అసలు తాకవద్దు, బతికున్నవి విషంతో కుడతాయి. పగడాలకు, కొన్ని శంఖ జాతులకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కూడా ఉంది.

ఖాళీవైనా గుప్పెడు చాలు. మంచినీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టండి. మిగిలినవి ఒడ్డునే ఉండనిద్దాం. మనం ఖాళీ చేసిన క్వార్టర్లలో ఇంకొకరు దీపం పెట్టుకోలేదా!

సెలవు.