రెండవ ఇల్లు – తండ్రి సంతకము



ఊరిలో సొంత ఇల్లుండగా మఱియొక ఇంటికై ప్రయత్నించువారు నేడు మన మడకశిర సీమలో అరుదు కారు. పిల్లలు హిందూపురమునకో బెంగుళూరునకో ఉద్యోగములకు పోవుచున్నారు. 2019లో పెనుకొండ చెంత ఎఱ్ఱమంచియందు కియా కార్ల కర్మాగారము పని ప్రారంభించినది మొదలు ఆ వైపు పోవువారును కలరు. అద్దె దండుగ యనియు, బ్యాంకి ఋణమిచ్చుననియు, చేతినుండి పెట్టవలసినది స్వల్పమే యనియు కుమారుడు చెప్పును. తండ్రి సంతకము మాత్రము కావలెననును. నేను మాటాడదలచినది ఆ సంతకమును గూర్చియే.

స్వల్పమనగా ఎంత? 2015లో రిజర్వు బ్యాంకి చేసిన నిబంధన ప్రకారము 30 లక్షల లోపు ఋణమునకు ఇంటి విలువలో నూటికి 90 వంతులకు మించి ఈయరాదు. ఆపైన 75 లక్షల వఱకు 80. అంతకు మించినచో 75. ఇది హద్దే కాని హక్కు కాదు. మొదటి ఇంటిపై కంతు నడచుచున్నచో దానిని గూడ లెక్కించి బ్యాంకి తగ్గింపవచ్చును.

20 లక్షల ఇల్లనుకొందము. చేతిసొమ్ము 2 లక్షలు, ఋణము 18 లక్షలు. స్టాంపులకు, రిజిస్ట్రేషనుకు మన రాష్ట్రమున నూటికి 7½ చొప్పున మఱి లక్షన్నర. ఇంతటి ఇంటికి ఆ ఖర్చును బ్యాంకి విలువలో కలుపదు. కుమారులు లెక్క చెప్పునపుడు ఈ లక్షన్నరను ఏల మఱతురో తెలియదు! వడ్డీ నూటికి 9 అనుకొన్నచో, 20 ఏండ్ల గడువునకు నెలకంతు సుమారు 16,200 రూపాయలు. మొత్తము 38 లక్షల 87 వేలు. చేతిసొమ్ము 5 లక్షలు పెట్టి 15 లక్షలే తెచ్చినచో కంతు 13,500కు దిగును. ముందు పెట్టిన ఆ అదనపు 3 లక్షలు తుదకు ఆఱున్నర లక్షల చెల్లింపును తప్పించును.

చేతిసొమ్మును గూడ చీటి పాడియో బంగారము కుదువబెట్టియో తెచ్చువారున్నారు. అది రెండవ అప్పు. జీతగానికి నెలకంతు సరిపోవును. వేరుసెనగపైనను పట్టుగూళ్లపైనను బ్రతుకువానికి ఆదాయము నెలనెల రాదు, కంతు వానకై ఆగదు.

పూర్వము భోగ్యపు తనఖాలో పొలము సాహుకారు చేతిలోనికి పోయెడిది. అప్పు కంటికి కనబడెడిది. ఇప్పుడు దస్తావేజులు మాత్రమే పోవును. ఇంటిలో మనమే యుందుము. అందుచేత బరువు తెలియదు. కావున సంతకమునకు ముందు అడుగవలసినది: తాకట్టు కొత్త ఇల్లు మాత్రమేనా, మన పొలము గూడనా? నేను సహఋణగ్రహీతనా, జామీనుదారునా? జామీనైనను తేలిక కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము అతని బాధ్యత అప్పు తీసికొన్నవానితో సమానము.

కంతు 90 దినములకు మించి నిలిచినచో ఋణము మొండిబాకీల జాబితాలో చేరును. పిమ్మట 2002 నాటి చట్టము క్రింద 60 దినముల నోటీసిచ్చి, న్యాయస్థానమున దావా వేయకయే బ్యాంకి ఇంటిని స్వాధీనపఱచుకొనవచ్చును. వ్యవసాయభూమికి ఆ చట్టము వర్తింపదు. ఐనను దావా మార్గము మూసికొనిపోలేదు.

చేతిలో పంట సొమ్ము ఆడినపుడు అసలులో కొంత ముందే కట్టుట మంచిది. వ్యక్తులు తీసికొన్న మాఱుడు వడ్డీ గృహఋణమును ముందు తీర్చినందులకు జరిమానా వేయరాదని 2012లోనే బ్యాంకులకు ఆజ్ఞ యైనది. ఋణము పూర్తిగా తీఱిన 30 దినములలో అసలు దస్తావేజులు తిరిగి ఈయవలెననియు, తమ వలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు చెల్లింపవలెననియు 2023లో నిబంధన వచ్చినది. కాగితములు చేతికి వచ్చిన దినముననే సబ్ రిజిస్ట్రారు కచేరీకి పోయి, ఈసీలో తనఖా రద్దు నమోదైనదో లేదో చూచుకొనుడు.