పెద్దదినం అయ్యాక
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నీటిపారుదల ఇంజనీరుని కాబట్టి నన్ను కాలువల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నిర్వాహకుల అనుమతితో విషయం మార్చుకున్నాను. మన బడిలో చదివి, తాగుడు వల్ల నలభై, యాభై ఏళ్ళకే పోయినవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. మనందరికీ తెలుసు, పైకి అనం. నేను మాట్లాడదలచుకున్నది వాళ్ళ ఇళ్ళ గురించి, ఇప్పుడు ఆ దారిలో ఉన్నవాళ్ళ ఇళ్ళ గురించి.

మన పల్నాటి ఊళ్ళలో ఒక ఇంట్లో చావు జరిగితే ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వం. పక్కింటివాళ్ళు అన్నం వండి తెస్తారు. చిన్నదినానికి, పెద్దదినానికి బంధువులు వచ్చి కూర్చుంటారు. మన పెద్దలు పెట్టిన మంచి పద్ధతి అది. పెద్దదినం భోజనాలయ్యాక టెంటు విప్పుతారు, అద్దె కుర్చీలు ట్రాక్టరెక్కుతాయి, ఎవరి ఊరికి వాళ్ళు పోతారు. ఆ ఇంటి ఆడమనిషికి అసలు దుఃఖం ఆ మర్నాటి నుంచే. అప్పిచ్చినవాడు వచ్చేదీ ఆ మర్నాడే.

తాగి తాగి మనిషి పోయిన ఇంటికి ఆ పదకొండు రోజుల ఓదార్పు కూడా సరిగా దక్కదు. "పోనీలే అమ్మా, నీ పీడ విరగడైంది" అంటారు. మంచికే అంటారు. మా మిత్రుడి భార్య ఒకామె నాతో ఇలా అంది: "అన్నయ్యా, ఆయన తాగిన రోజులే అందరికీ గుర్తున్నాయి. అంతకుముందు పన్నెండేళ్ళు నాతో బాగా బతికాడు. ఆ మాట చెప్పుకుందామంటే వినే మనిషి లేడు." కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లో ఇలాంటి దుఃఖం మీదే ఒక పుస్తకం తెచ్చాడు. లోకం ఒప్పుకోని దుఃఖం లోపలే ఉండిపోయి మనిషిని ఇంకా ఎక్కువ బాధపెడుతుందని ఆయన చెప్పాడు. చావే కాదు, బతికి ఉన్న మనిషి తాగుడుకు బానిసైనా ఆ ఇంట్లో ఉండేది దుఃఖమే. ఆ ఇంటికి ఎవరూ అన్నం తేరు.

మన రాష్ట్రంలో దీని మీద పెద్ద పోరాటమే జరిగింది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు రాత్రిబడిలో కూర్చున్న ఆడవాళ్ళు వాచకంలో సీతమ్మ కథ చదివి, అది తమ కథే అనుకున్నారు. దూబగుంటలో సారా రానివ్వలేదు. ఆ ఊరి వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో సారా వేలంపాటలను ఆడవాళ్ళు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు.

ఆ తల్లులు చేసింది గొప్ప పని. అయితే అందులో మనం గమనించాల్సింది ఒకటుంది. చట్టం దుకాణం మూయించగలదు. అప్పటికే బానిసైన మనిషికి వైద్యం చేయలేదు, అతని భార్య పక్కన కూర్చోలేదు. ఆ పని ఊరిదే.

తాగుడు బానిసత్వాన్ని వైద్యులు జబ్బు అంటారు. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వెలువడింది. దేశంలో మద్యం తాగేవాళ్ళు సుమారు 16 కోట్లు, వాళ్ళలో సాయం అవసరమైన స్థితిలో ఉన్నవాళ్ళు 5.7 కోట్లు. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి రావచ్చు. గుళ్ళో ఒట్టు వేయించి, గదిలో పెట్టి గొళ్ళెం పెట్టడం ప్రమాదం. ఒట్టు మంచిదే, ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

మానిన తరువాత నిలబెట్టేది చుట్టూ ఉన్న మనుషులు. చెన్నైలో శాంతి రంగనాథన్ గారు భర్తను తాగుడు వల్ల పోగొట్టుకుని, ఆయన పేరుతోనే 1980లో టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు. ఆ సంస్థ ఆసుపత్రితో సరిపెట్టుకోలేదు. తమిళనాడులో మంజక్కుడి అనే పల్లెలో శిబిరాలు పెట్టింది. వైద్యం ఊళ్ళోనే, ఊరివాళ్ళ సాయంతోనే. ఇంటివాళ్ళనూ కూర్చోబెట్టి మాట్లాడతారు. అమెరికాలో 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ తాగేవాళ్ళ కోసమైతే, 1951లో వాళ్ళ ఇంటివాళ్ళ కోసం ఆల్-అనాన్ మొదలైంది. తాగేవాడు మానినా మానకపోయినా ఇంటివాళ్ళకు వేరే తోడు కావాలన్నది దాని మూలసూత్రం.

కాలువల మాట అడిగారు కనుక ఒక్కటి చెబుతాను. మన సాగర్ కుడి కాలువ పొడవు 203 కిలోమీటర్లు. దాన్ని కాపాడేవాళ్ళలో ముఖ్యుడు లస్కరు. కట్ట మీద నడుస్తూ ఎక్కడ చెమ్మ కనబడినా చెబుతాడు. చెమ్మ దగ్గర నాలుగు తట్టల మట్టితో పోయేది, గండి పడ్డాక వంద లారీలతో పోదు. మన ఊళ్ళకు అలాంటి లస్కర్లు కావాలి.

సంఘం ముందు నాలుగు కోరికలు పెడుతున్నాను.

ఒకటి, ఊరికి ఇద్దరు పూర్వ విద్యార్థులు, ఒక మగవారు, ఒక ఆడవారు, బాధ్యత తీసుకోవాలి. చావు జరిగిన ఇంటికి పెద్దదినం అయ్యాక నెలకు, మూడో నెలకు, ఏడాదికి వెళ్ళాలి. సలహాలు వద్దు, కూర్చుని వినాలి. మరణ నమోదు 21 రోజుల్లో చేయించడం, పింఛను, బ్యాంకు, బీమా కాగితాలకు తోడు వెళ్ళడం మనకు చిన్న పని, ఆమెకు కొండ.

రెండు, నెలకొక ఆదివారం ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఒక తరగతి గది ఇటువంటి ఇళ్ళవాళ్ళు కూర్చుని మాట్లాడుకోవడానికి ఇవ్వాలి. అక్కడ విన్నది ఊళ్ళోకి రాకూడదు. ఆ నియమం నిలబడకపోతే ఆ గదికి రెండోసారి ఎవరూ రారు.

మూడు, గురువులకు మనవి. క్లాసులో నిద్రపోయే పిల్లవాడు రాత్రంతా ఇంట్లో గొడవతో మేలుకుని ఉండవచ్చు. వాళ్ళ నాన్న సంగతి పదిమందిలో అడగకండి. పక్కకు పిలిచి అన్నం తిన్నావా అని అడగండి. మత్తు విముక్తికి 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416, ఈ రెండు ఉచిత నంబర్లు బడి గోడ మీద రాయించండి. బడికి స్వాగత తోరణం కడదామంటున్నారు. దుర్గి శిల్పులున్న ఊళ్ళో తోరణం ఉండాల్సిందే. ఆ చందాలో పదో వంతు రోగులను ఆసుపత్రికి చేర్చే ఖర్చులకు పక్కన పెట్టమని అడుగుతున్నాను.

నాలుగోది ఈ రాత్రి సంగతి. మా బ్యాచ్ మిత్రుడొకడు మూడేళ్ళుగా మందు ముట్టలేదు. అతని అనుమతితోనే చెబుతున్నాను. ఈ సభకు వచ్చాడు కానీ రాత్రి విడిదికి రానన్నాడు. ఎందుకురా అంటే, "గ్లాసు పట్టుకోకపోతే అందరూ నన్నే చూస్తారు, పట్టుకుంటే నేను మిగలను" అన్నాడు. ముప్పై ఏళ్ళ తరువాత కలుస్తున్నాం, సరదా అంటారు. నిజమే. కానీ మనం సీసాలు తెచ్చుకోవడమంటే అతన్ని ఇంటికి పొమ్మనడమే. ఊరికి లస్కర్లు తరువాత దొరుకుతారు. ముందు మన విడిదిలో ఈ ఒక్క రాత్రి మందు లేకుండా గడుపుదాం.

మీరు సరేనంటే, సభ అయ్యాక నేనే వాడింటికి వెళ్ళి బండెక్కించుకుని వస్తాను.