నిలిచిపోయిన అచ్చు



పత్తి అమ్మకమునకు పట్టాదారు పాసుపుస్తకపు నకలు వలసియున్నది. ఇంటి కంప్యూటరునుండి ఆజ్ఞ పంపితిరి, కాగితము రాలేదు. మా ఆదిలాబాదు పల్లెలలో ఇట్టి చిక్కు పలుమార్లు చూచితిని. తొందరపడి మనవడు అదే ఆజ్ఞను మరి పదిమార్లు పంపును. ఆ పదియు వరుసలో చేరుటయే ఫలము.

మొదట ప్రింటరులో కాగితమును, సిరాను, తీగను చూడుడు. అవి సరిగానున్నచో, దోషము చాలవరకు ఆ వరుసలోనిదే. విండోసులో స్పూలరు అను సేవకుడొకడు కలడు. అతడు పత్రములను డిస్కుపై దాచి, ఒక్కొక్కటిగా ప్రింటరునకు అందించును. నడుమ కరెంటు పోయి మొదటిది చెడెనా, వెనుకనున్నవన్నియు ఆగును. అంగడి యిరుకుదారిలో బండి ఇరుసు విరిగినట్లే. ప్రింటరును ఆర్పి వెలిగించినను తరచుగా ప్రయోజనముండదు, చెడిన పత్రమున్నది డిస్కుపై గనుక.

కావున వరుసను తెరచి పనులను రద్దుచేయుడు. అప్పటికిని కదలనిచో, సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలరును ఆపవలెను. పిదప విండోసు ఫోల్డరులోని సిస్టమ్32లో, స్పూల్‌నందలి ప్రింటర్స్ ఫోల్డరును తెరచి, లోని ఫైళ్లను మాత్రమే తుడిచివేయవలెను. ఫోల్డరు జోలికి పోరాదు. ఇంటిలో ఇతరుల పనులును అందుండవచ్చును, అడిగి చేయుడు. స్పూలరును మరల నడిపించి, ఆజ్ఞ ఒక్కమారే పంపుడు.

బంధువుల యింట చేయువారు వరుసను తుడువక లేచిపోరాదు. మీరు వెడలిన పిదప ప్రింటరు కోలుకొన్నచో, మీ సర్వే నెంబరును ఆధార్ సంఖ్యయు గల కాగితములు ఎవరి చేతబడునో!