దిగులు తగ్గడానికి ఎన్ని పాఠాలు కావాలి?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)

 

ఈ రోజుల్లో చేతిలో ఫోను లేని ఇల్లాలు అరుదు. ఆ ఫోను తెరిస్తే చాలు, "ఐదు నిమిషాల్లో మనసు తేలిక", "వారం రోజుల్లో దిగులు మాయం" అంటూ ఎవరో ఒకరు పలకరిస్తూనే వుంటారు. వీటిలో చాలా భాగం చూసి నవ్వుకుని వదిలెయ్యవలసినవే. కాని అన్నీ అటువంటివి కావు. మనసు కుంగిపోయినవాళ్లు ఇంట్లోనే కూర్చుని, ఇంటర్నెట్టులో పాఠాలు చదువుకుంటూ, అభ్యాసాలు చేసుకుంటూ కోలుకోగలరా అన్న విషయం మీద దాదాపు పాతికేళ్లుగా గట్టి పరిశోధనలే జరిగాయి. కొంతమేరకు కోలుకోగలరనే తేలింది. దాని మీదట ఇంకో ప్రశ్న పుట్టింది. ఆ పాఠాలు ఎంత పొడుగుండాలి? ఎంత కురచ చేస్తే గుణం పోకుండా వుంటుంది? చారులో నీళ్లు పోస్తూ పోతే ఎక్కడో ఒకచోట అది చారు కాకుండా పోతుంది గదా, ఆ హద్దు ఎక్కడ? ఈవేళ ఆ సంగతి మాట్లాడుకుందాం.

ముందు ఒక్క మాట. పుట్టింటి నుంచి వచ్చాక నాలుగు రోజులు ఏదోలా వుండటం, పిల్ల పరీక్ష తప్పితే అన్నం సయించకపోవడం, ఇవి జబ్బులు కావు. డాక్టర్లు డిప్రెషన్ అనేది వేరే దాన్ని. 2001 లో ప్రచురించిన తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటి అనేక దేశాల్లో వాడుకలో వుంది. గడిచిన రెండు వారాల్లో మీకు దేనిమీదనైనా ఆసక్తి వుందా, నిద్ర ఎలా పడుతోంది, ఆకలి ఎలా వుంది, నీరసంగా వుంటోందా, నా వల్ల ఇంటివాళ్లకు అన్యాయం జరిగిపోయిందని అనిపిస్తోందా అని వరసగా అడుగుతుంది. ఒక్కొక్క దానికి సున్న నుంచి మూడు దాకా మార్కులు. మొత్తం 27. పది, ఆ పైన వస్తే తేలిగ్గా తీసుకోకూడదంటారు. మన ఇళ్లల్లో దీనికి పేరే వుండదు. "నడుం లాగేస్తోంది", "తల దిమ్ముగా వుంది" అంటాం. బలానికి టానిక్కు తెప్పించుకుంటాం. టానిక్కు సీసా అయిపోతుంది, దిగులు అలాగే వుంటుంది.

ఈ ఇంటర్నెట్టు పాఠాల మూలం 1960 ల నాటిది. అమెరికాలో ఏరన్ బెక్ అనే మానసిక వైద్యుడు తన రోగుల మాటలు శ్రద్ధగా విని ఒక విషయం గమనించాడు. కుంగిపోయిన మనిషికి ఆలోచనలు ఒక గాడిలోనే నడుస్తాయి. కూరలో ఉప్పెక్కువైతే "ఈవేళ ఉప్పెక్కువైంది" అనుకోదు ఆవిడ. "నా చేత ఒక్క పనీ సక్రమంగా కాదు" అనుకుంటుంది. అక్కణ్ణించి "ఈ ఇంటికి నేనొక బరువు" అనే దాకా పోతుంది. ఉప్పుకీ బరువుకీ మధ్య ఎంత దూరం వుందో చూడండి! కాని ఆ దూరమంతా మనసు ఒక్క క్షణంలో నడిచేస్తుంది. ఆ ఆలోచనని మధ్యలో పట్టుకుని, కాగితం మీద పెట్టి, "దీనికి సాక్ష్యం ఏమిటి?" అని నిలదీయడం నేర్పితే దిగులు తగ్గుతుందని బెక్ చెప్పాడు. ఈ పద్ధతి పుస్తకాలకెక్కింది. తరవాత కంప్యూటర్లకెక్కింది.

2001 లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో, అక్కడి జాతీయ విశ్వవిద్యాలయం వారు మూడ్‌జిమ్ అనే పేరుతో ఇటువంటి పాఠాలను ఇంటర్నెట్టులో పెట్టారు. హెలెన్ క్రిస్టెన్‌సెన్ అనే ఆవిడ, ఆమె సహచరులు కలిసి చేసిన పని. పాఠాలు పెట్టి ఊరుకోలేదు, పనిచేస్తున్నాయా లేదా అని పరీక్ష పెట్టారు. పరీక్ష అంటే, కొందరికి పాఠాలిచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చి చూడటం. ఇది ఎందుకంటే, జలుబుకి మందేస్తే వారం, వెయ్యకపోతే ఏడు రోజులని మన పెద్దలన్నట్టు, దిగులు కూడా చాలామందిలో కొంత దానంతటదే తగ్గుతుంది. పక్కన పోల్చుకోడానికి మరో గుంపు లేకపోతే ఆ తగ్గినదంతా మా పాఠాల మహిమే అనుకుంటాం. ఫోనులో "లక్షమంది బాగుపడ్డారు" అనే ప్రకటనల్లో సాధారణంగా లోపించేది ఇదే. 2004 లో 525 మందితో జరిపిన వారి పరిశోధనలో పాఠాలు చేసినవాళ్లకి మిగతావాళ్ల కంటె దిగులు ఎక్కువగా తగ్గింది. విశేషమేమిటంటే, డిప్రెషన్ అంటే ఏమిటో, దానికి ఏ చికిత్సలున్నాయో వివరించే వేరే సమాచారాన్ని చదివినవాళ్లకి కూడా మేలు కనిపించింది. అయితే ఇందులో ఒక చిన్న మెలిక వుంది. వారం వారం ఒకరు ఫోను చేసి "ఈ వారం ఫలానా పాఠం చూడండి" అని చెప్పేవారు. ఈ ఫోను సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

తరవాత వాళ్లకే మన ప్రశ్న వచ్చింది. పాఠాలన్నీ అక్కర్లేదేమో, కొన్ని చాలేమో! దిగులున్న 2,794 మందిని తీసుకుని, ఆ పాఠాలను కురచగానూ పొడుగ్గానూ ఆరు రకాలుగా మార్చి, ఒక్కొక్కరికి ఒక్కొక్క రకం ఇచ్చారు. 2006 లో ఫలితాలు ప్రచురించారు. క్లుప్తమైన పరిచయ పాఠం ఒక్కటే చదివితే దిగులు తగ్గలేదు. పొడుగు పాఠాలు నయమనిపించాయి. కాని పొడుగు పెరిగినకొద్దీ మధ్యలో మానేసినవాళ్లు ఎక్కువయ్యారు. మొత్తం మీద తమకిచ్చినది పూర్తి చేసినవాళ్లు అయిదో వంతు మంది.

చూశారా చిక్కు! చిన్నది చేస్తే గుణం లేదు, పెద్దది చేస్తే మనుషులు లేరు. దిగులు జబ్బులో మొదట పోయేది ఓపికే కదా. ఓపిక లేనివాళ్లకి ఓపికతో చెయ్యవలసిన మందు ఇస్తే ఏమవుతుంది? 2015 లో ఇంగ్లండులో 691 మందిని డాక్టర్లు మామూలుగా చూస్తూనే, కొందరికి ఇటువంటి కంప్యూటరు పాఠాలు కూడా ఇచ్చి చూశారు. ఎనిమిది పాఠాలున్న ఒక కార్యక్రమంలో సగం మంది రెండో పాఠం దాటలేదు. మూడ్‌జిమ్ ఇచ్చినవాళ్లలో సగం మంది ఒక పాఠంతోనే సరి. డాక్టరు చూపే మామూలు చికిత్స కంటె అదనపు లాభం ఏమీ కనిపించలేదు. చెయ్యని వ్యాయామం వల్ల ఒళ్లు తగ్గుతుందా!

ఇక్కడితో కథ అయిపోతే నేను ఈవేళ మాట్లాడనక్కర్లేదు. అమెరికాలో జెసికా ష్లైడర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు వేరే దారి పట్టింది. జనం ఒక్కసారికి మించి రారని ముందే ఒప్పుకుని, ఆ ఒక్కసారిలోనే పని పూర్తయ్యేట్టు పాఠం తయారుచేద్దామంది. ఒక్కటే కూర్చోవడం, అరగంట లోపు. కోవిడ్ రోజుల్లో 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు 2,452 మంది ఆ పాఠాలు చేశారు. 2022 లో ఫలితాలు ప్రచురించారు. పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి మనిషి స్వభావం రాతి మీద గీత కాదు, మారుతుందని చెప్పే పాఠం. రెండో గుంపుకి మనసుకు ఇష్టమైన, విలువైన పని ఒకటి ఎంచుకుని చెయ్యడం ఎలాగో చెప్పే పాఠం. మూడో గుంపుకి మనసులో మాట ఎవరితోనైనా చెప్పుకోమనే మామూలు పాఠం. మూడు నెలల తరవాత చూస్తే మొదటి రెండు గుంపుల్లో దిగులు మూడో గుంపు కంటె ఎక్కువ తగ్గింది. ఎక్కువ అంటే ఎంతో అనుకోకండి, తేడా చిన్నదే. కాని అరగంటకి, రూపాయి ఖర్చు లేకుండా, మూడు నెలలు నిలిచిన చిన్న తేడాని నేనైతే తీసిపారెయ్యను. దీనికి రెండేళ్ల ముందు కెన్యా దేశంలో 103 మంది బడి పిల్లలతో ఇటువంటి ఒక్కపూట పాఠం చేయిస్తే రెండు వారాల తరవాత కూడా మేలు కనిపించింది.

మరి 2006 లో చిన్న పాఠం ఎందుకు పనిచెయ్యలేదు, ఇప్పుడెందుకు పనిచేసింది? అక్కడ వాళ్లు పెద్దవాళ్లు, వీళ్లు పిల్లలు, అది ఒక తేడా. నాకు తోచిన రెండో కారణం చెబుతాను. పెద్ద నవలలో మొదటి ప్రకరణం చింపి ఇస్తే అది కథానిక అయిపోదు. కథానికకి దాని ఎత్తుగడ, దాని ముగింపు దానికుంటాయి. ష్లైడర్ పాఠంలో చివర, నీలాంటి కష్టంలో వున్న ఇంకో పిల్లకి నువ్వు ఏం సలహా ఇస్తావో రాయమంటారు. ఇతరులకి చెప్పబోయేసరికి తనకే అర్థమవుతుంది. పక్కింటావిడకి ధైర్యం చెబుతూ మనమూ ధైర్యం తెచ్చుకోవడం మనకి కొత్తేమీ కాదు.

పాఠాల్లో అసలు ఏం చేయిస్తారన్నది కాస్త వివరంగా చెప్పాలి. రెండో గుంపు పిల్లలకి నేర్పిన పద్ధతి పెద్దవాళ్లకీ పనికొచ్చేదే. 1970 ల నుంచి వాడుకలో వుంది. దాని సూత్రం ఇది. మనసు బాగుంటే పని చేద్దామని మనం కూర్చుంటాం. మనసు బాగుపడదు, పని జరగదు. దాన్ని తిరగెయ్యమంటారు. ముందు చిన్న పని, మనసు వెనక నెమ్మదిగా వస్తుంది.

"పొద్దున్న ఆరింటి నుంచి చేస్తున్నది పనే గదమ్మా, ఇంకా పనేమిటి?" అని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆ పద్ధతిలో పని అంటే అంట్లు, బట్టలు కాదు. పాల లెక్క రాసే పుస్తకం లాంటిది ఒకటి తీసుకుని, వారం రోజులు గంట గంటకీ ఏం చేశారో, అప్పుడు మనసెలా వుందో పదికి ఎన్ని మార్కులో రాసుకోమంటారు. రాశాక చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. రోజంతా పని వుంది, అందులో మనసుకి ఇష్టమైనది గాని, "ఇది నేను చేశాను" అనిపించేది గాని ఒక్కటి కూడా లేదు. ఎప్పుడో వీణ నేర్చుకున్నావిడ వీణ ముట్టుకుని ఎన్నేళ్లయిందో! సాయంత్రం డాబా మీద పది నిమిషాలు నిలబడితే ఆరు మార్కులు, అదే సమయం మంచం మీద ఫోను చూస్తూ గడిపితే రెండు మార్కులు. ఇటువంటి తేడాలు రాసుకుంటేనే కనిపిస్తాయి. అప్పుడు ఆ ఆరు మార్కుల పనికి రోజూ ఒక వేళ పెట్టుకోమంటారు. "కుదిరినప్పుడు" అని కాదు, "బుధవారం ఐదున్నరకి, పది నిమిషాలు" అని. చిన్నదిగా వుండాలి సుమా. వీణ మీద గంటసేపు సాధన అని పెట్టుకుంటే మొదటిరోజే మానేస్తాం. గవసెన విప్పి తీగెలు తుడిచి మళ్లీ కప్పెయ్యడం మొదటి వారానికి చాలు.

ఇందాక ఫోను సంగతి గుర్తుంచుకోమన్నాను. 2021 లో ఎన్నో పరిశోధనల లెక్కలు ఒకచోట చేర్చి చూసినప్పుడు తేలింది ఏమిటంటే, దిగులు కొద్దిగా వున్నవాళ్లు ఒంటరిగా పాఠాలు చేసుకున్నా, ఒకరి సాయంతో చేసుకున్నా ఫలితంలో పెద్ద తేడా లేదు. దిగులు ముదిరినవాళ్లకి మాత్రం మధ్యమధ్య పలకరించే మనిషి వుంటేనే మేలు. మన దేశంలోనే, గోవాలో, దిగులు బాగా ముదిరినవాళ్లకి నేను చెప్పిన పని పద్ధతినే నేర్పారు. నేర్పినవాళ్లు డాక్టర్లు కారు, తర్ఫీదు పొందిన మామూలు మనుషులు. ఒక్కొక్కసారి అరగంట, నలభై నిమిషాలు, మొత్తం ఆరు నుంచి ఎనిమిది సార్లు. 2017 లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, మూడు నెలలకి వాళ్లలో నూటికి 64 మంది దిగులు పోయి కోలుకుంటే, మామూలు చికిత్స మాత్రమే పొందినవాళ్లలో 39 మంది కోలుకున్నారు. అంటే జబ్బు ముదిరినచోట అరగంట చాలదు. ఆరేడు సార్లు, ఎదురుగా ఒక మనిషి కావాలి.

కాబట్టి ఫోనులో పాఠం మొదలుపెట్టేముందు ఆ తొమ్మిది ప్రశ్నలకీ నిజాయితీగా జవాబు రాసుకోండి. తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండునని గాని, తనకి తాను హాని చేసుకోవాలని గాని అనిపిస్తోందా అన్నది. దానికి జవాబు సున్న కాకపోతే మొత్తం మార్కులెన్నయినా సరే, పాఠాలు పక్కనపెట్టి ఆ రోజే మనిషితో మాట్లాడాలి, డాక్టరుకి చూపించుకోవాలి. పురిటి తరవాత బాలెంతకి దిగులు పట్టుకుంటే "అదే పోతుంది" అని నెలలు గడపకూడదు. థైరాయిడ్ తగ్గినా అచ్చం ఇటువంటి నీరసం, నిరాసక్తతే వస్తాయి. ఒక రక్తపరీక్షతో తేలే విషయం అది. డాక్టరు మందు రాసిచ్చి వుంటే, పాఠాలు మొదలుపెట్టామని మందు మానెయ్యకండి.

ప్రభుత్వం వారు 2022 అక్టోబరులో టెలి మానస్ అనే సేవ ప్రారంభించారు. నెంబరు ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు, 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో అందరి ముందూ మాట్లాడటం ఇబ్బందనుకుంటే, డాబా మీదికి వెళ్లి, ఆ పది నిమిషాలూ అక్కడే మాట్లాడుకోవచ్చు.