కట్టకమున్నే ఇల్లు చూచుట
(తలిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. రెంటను వ్యయము మన అదుపులో నుండదు. ముగిసిన పిదప దిద్దుకొనుట కష్టము. అయితే వీనిలో ఒకదానిని, అనగా ఇంటిని, కట్టకమున్నే చూచుకొను ఉపాయము నేడు మనకు లభించినది. దానిని గూర్చి మీతో ముచ్చటింప దలచినాము.

హోసూరు నలుదెసల క్రొత్త ఇండ్లు లేచుచున్నవి. మన బిడ్డల తలిదండ్రులలో పలువురు కర్మాగారములలో పనిచేసి, చీటీలు కట్టి, బ్యాంకులో అప్పు తీసికొని, 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల స్థలమున ఇల్లు కట్టుకొనుచున్నారు. ఇంజనీరు ఇచ్చు ప్లాను ఇంగ్లీషున నుండును. మేస్త్రీతో మాట తమిళమునో కన్నడమునో జరుగును. ఇంటిలోని మాట తెలుగు. ఈ మూడు భాషల నడుమ, ఆ ఇంట ఎక్కువ కాలము గడుపవలసిన ఇల్లాలికి ప్లాను చూపువారే అరుదు. చూపినను, గీతలను బట్టి గది యెంత యుండునో ఊహించుట అందరికిని సాధ్యము కాదు. గోడలు లేచిన తరువాత "ఇక్కడ మంచము పట్టదే!" అని ఆమె యనును. అప్పటికి సిమెంటు ఆరిపోయి యుండును. ఇరువది సంవత్సరములు వాయిదాలు కట్టవలసిన ఇంటిలో అటువంటి మాట వినబడుట చిన్న విషయము కాదు.

కంప్యూటరు తెరపై ఇంటి నమూనా తయారుచేయు సాఫ్టువేరులు పెక్కు కలవు. వానిలో 'స్వీట్ హోమ్ త్రీడీ' యనునది ఉచితముగా లభించును. ఫ్రాన్సు దేశీయుడగు ఎమ్మాన్యుయేల్ ప్యూబారె దీనిని రచించెను. తెరపై ఒక వైపున ప్లాను గీచుచుండగా, మరియొక వైపున అదే ఇల్లు గోడలతో, తలుపులతో లేచి కనబడును. ఎనిమిదవ తరగతి చదువు బాలుడు గాని బాలిక గాని దీనిని చక్కగా నేర్వగలరు. బిడ్డ గీయవలెను; తల్లి ప్రక్కన కూర్చుండి చెప్పవలెను. ఇక పాటింపవలసిన సూచనలు విన్నవింతుము.

మొదటి పని కంప్యూటరుతో గాదు, టేపుతో. ప్రస్తుతము కాపురమున్న ఇంటినే ముందుగా కొలిచి అభ్యాసము చేయుడు. ప్రతి గది పొడవు వెడల్పులను, గోడల మందమును వ్రాసికొనుడు. లోపలి కొలతలను, గోడల మందములను కూడి, ఇంటి బయటి కొలతతో సరిచూడుడు. రెండును కలియనిచో ఎక్కడనో కొలత తప్పినదని తెలిసికొని మరల కొలువవలెను. గది మూలలు సరిగా నున్నవా యని చూచుటకు ఐమూలగా గూడ కొలువుడు: 9 అడుగులు, 12 అడుగులు గల గదికి ఐమూల కొలత 15 అడుగులు రావలెను. మన పిల్లలు తరగతిలో చదువు పైథాగరస్ సిద్ధాంతమునకు ఇంతకంటె మంచి అభ్యాసము లేదు.

రెండవది. ఇంజనీరు ఇచ్చిన ప్లాను చేతనున్నచో, దాని చిత్రమును తెరపై అడుగున పరచి, దానిపై గోడలు గీయవచ్చును. కాగితమును సమముగా పరచి, నిటారుగా పైనుండి ఫోటో తీయుడు. ఏటవాలుగా తీసినచో కొలతలన్నియు వంకర పోవును. అటుపిమ్మట చిత్రములోని ఒక గీతను చూపి దాని అసలు పొడవు ఇంత యని సాఫ్టువేరుకు తెలుపవలెను. ఇందుకు మిక్కిలి పొడవైన గీతనే ఎన్నుకొనుడు. 3 అడుగుల తలుపును ఆధారముగా గొని 3 అంగుళములు తప్పినచో, పండ్రెండింట ఒక వంతు తప్పు ఇల్లంతయు ప్రాకును. 30 అడుగుల గోడను ఆధారముగా గొన్నచో, అంతే తప్పు నూట ఇరువదింట ఒక వంతుగా మిగులును.

మూడవది గోడల మందము. సాఫ్టువేరు తనంతట తాను పెట్టుకొను మందము మన గోడలకు సరిపడదు. ప్రారంభముననే బయటి గోడలకు 9 అంగుళములు, అడ్డగోడలకు నాలుగున్నర అంగుళములు, లేదా మీ ఇంట నెంత వేయుదురో అంత, నిర్ణయింపుడు. సెంటీమీటర్లలో గీయువారు అడుగునకు 30.48 అని గుర్తుంచుకొనవలెను. గోడ గీయుచు ఎంటరు మీట నొక్కినచో పొడవును అంకెలలో వ్రాయవచ్చును. చేతి అంచనా కంటె ఇది మేలు.

ఇచ్చట ఒక మెలకువ కలదు. గోడను గీయు గీత గోడ నడిమి గీత. నడిమి గీతల మధ్య 10 అడుగులు, 12 అడుగులు గల గది, 9 అంగుళముల గోడలు పోగా, లోపల 9 అడుగుల 3 అంగుళములు, 11 అడుగుల 3 అంగుళములు మాత్రమే యగును. 120 చదరపు అడుగులని మీరనుకొన్న గది నిజమునకు సుమారు 104 చదరపు అడుగులది. పూత మందము గూడ పోయిన ఇంకను తగ్గును. ఇంజనీరు వ్రాసిన కొలత లోపలిదా, నడిమిదా, బయటిదా యని తప్పక అడుగుడు. ఈ ఒక్క ప్రశ్న వలన గృహస్థునకు కలుగు మేలు ఇంతింత కాదు.

నాలుగవది. గోడలు నాలుగును కలిసిన పిదప గది లోపల రెండుమార్లు నొక్కినచో నేల ఏర్పడి, వైశాల్యము కనబడును. ఏర్పడనిచో గోడల నడుమ సందు మిగిలినదని అర్థము.

ఐదవది సామాను. సాఫ్టువేరులోని సోఫాలు, మంచములు విదేశపు కొలతలవి. వానిని అట్లే ఉంచక, మీ ఇంటి మంచమును, బీరువాను కొలిచి ఆ కొలతలు వ్రాయుడు. పైన చెప్పిన గదిలో 9 అడుగుల 3 అంగుళముల వైపున 5 అడుగుల మంచమును, ఎదుటి గోడకు 2 అడుగుల లోతు గల బీరువాను పెట్టినచో నడుమ 2 అడుగుల 3 అంగుళములు మిగులును. బీరువా తలుపు అడుగున్నర వెడల్పుదైన, అది తెరచి యుండగా నిలుచుటకు తావు చాలదు. గది తలుపు లోనికి తెరచునప్పుడు దేనికి తగులునో గూడ ప్లానులో విల్లువలె కనబడును.

ఆరవది మెట్లు. క్రింది నేల నుండి పై నేలకు 10 అడుగుల 6 అంగుళములు, అనగా 126 అంగుళము లున్నచో, 7 అంగుళముల ఎత్తున 18 మెట్లు కావలెను. అడుగు పెట్టు పలకలు 17. ఒక్కొక్కటి 10 అంగుళములైన తిన్నని మెట్లకు 14 అడుగుల 2 అంగుళముల చోటు పట్టును. దీనిని ముందుగా గీయక, మిగిలిన చోట మెట్లు పెట్టుకొందమనువారికి నిచ్చెనవంటి మెట్లే దక్కును. ఇంట ముసలివా రున్న సంగతి మరువరాదు.

ఏడవది వెలుతురు. ప్లానుపై దిక్సూచి యుండును. ఉత్తరము ఎటో సరిగా త్రిప్పి, మన ఊరి అక్షాంశ రేఖాంశములు వ్రాయుడు. హోసూరు సుమారు 12.7 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. అందుచేత ఏప్రిలు చివరి వారము మొదలు ఆగస్టు మూడవ వారము వరకు మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరముగా నుండును. డిసెంబరులో దక్షిణముగా వంగి 54 డిగ్రీల ఎత్తున మాత్రమే నిలుచును. చిత్రము తీయునపుడు నాణ్యతను పై మెట్టున నుంచి, తేదీని, వేళను మార్చి చూచినచో, మే నెల సాయంకాలము నాలుగు గంటలకు వంటింట ఎండ ఎంతవరకు పడునో తెలియును. కిటికీకి చూరు వేయవలెనా వద్దా యనుటకు ఇదే సమాధానము.

ఎనిమిదవది. నమూనా ఇంటిలో నడచి చూచు మనిషి యొకడు కలడు. అతని కన్నుల ఎత్తు పొడవరి మగవానికి తగినట్లుండును. దానిని ఇంటి ఇల్లాలి కన్నుల ఎత్తునకు, అనగా నాలుగున్నర అడుగులకో నాలుగు ముప్పాతికకో తగ్గించి, వంటింట నిలిపి చూడుడు. అలమార పై అర ఆమెకు అందునో లేదో అప్పుడే తేలును.

మార్పు చేసిన ప్రతిసారి క్రొత్త పేరుతో భద్రపరచుడు. మొన్నటి నమూనాయే మేలని తోచవచ్చును.

ఒక హెచ్చరిక. ఈ సాఫ్టువేరు బరువు నెరుగదు. స్తంభము లేనిచోట గోడ నిలిపినను కాదనదు. పునాది లోతు చెప్పదు. ఆ విషయములలో ఇంజనీరు మాటయే ప్రమాణము. స్థానిక సంస్థ అనుమతి గూడ వేరుగా పొందవలెను. నమూనా మన కోరికను స్పష్టముగా చెప్పు సాధనము మాత్రమే.

కడపట మన భాషకు సంబంధించిన మాట యొకటి. ప్రతి గదికిని పేరు వ్రాయు వీలు కలదు. ఒక ప్రతిలో మేస్త్రీకి తెలియునట్లు తమిళమున వ్రాయుడు. ఇంటి ప్రతిలో మాత్రము వసారా, నడవ, వంటిల్లు, అటక, పెరడు అని బిడ్డచేత తెలుగున వ్రాయింపుడు. అటక యనగా ఏమని బిడ్డ అడుగును. అవ్వ చెప్పును, తన పుట్టింటి అటకపై ఏమేమి దాచెడివారో గూడ చెప్పును. పాఠ్యపుస్తకములో మేము చెప్పలేని పాఠమది. ఇంట వాడని పదమును బడి యొక్కటే బ్రతికింపజాలదని మీ రెరుగనిది కాదు.

వచ్చు సెలవులలో ప్రతి కుటుంబమును తానున్న ఇంటిని కొలిచి, ఆ కాగితమును బిడ్డచేత పంపవలెనని ప్రార్థన. గీయుట మేము నేర్పుదుము. అద్దె ఇల్లైనను, ఒంటి గది యైనను సరియే. కొలతకు చిన్న ఇల్లు, పెద్ద ఇల్లు అను భేదము లేదు.